‘ది వాంపైర్ డైరీస్’ అనే అమెరికన్ టీవీ సిరీస్‌లో ఎలీనా, కేథరిన్ కవలలా?

కాదు, కవలలు కారు; ఎలీనా కేథరిన్ వంశంలో కొన్ని వందల ఏళ్ల తర్వాత పుట్టిన అమ్మాయి. కేథరిన్ 15వ శతాబ్దపు బల్గేరియాలో పుట్టిన కాటెరీనా పెట్రోవా. వాంపైర్‌గా మారకముందే ఆమెకు కూతురు పుట్టింది, అందుకే వంశం నిలిచింది.

మరి అచ్చు గుద్దినట్టు ఒకే ముఖం ఎందుకు? దానికి జవాబు ఐదో సీజన్‌లో దొరుకుతుంది. రెండు వేల ఏళ్ల కిందట సైలస్, అమారా చావులేని మందు తాగారు. చావు లేనివాళ్లు ఉండకూడదని ప్రకృతి వాళ్ల పోలికతోనే, చనిపోగల మనుషులను పుట్టిస్తూ వచ్చింది. వీళ్లే డాపెల్‌గ్యాంగర్లు. అమారా రూపం మొదట ఇదే వంశంలోని టాటియాకు, తర్వాత కేథరిన్, ఎలీనాలకు వచ్చింది. సైలస్ రూపం ఎలీనా ప్రేమించిన వాంపైర్ స్టెఫాన్‌కు వచ్చింది.

మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో స్టెఫాన్ అన్న డేమన్ ఎలీనా అనుకుని ముద్దు పెట్టుకున్నది కేథరిన్‌నే. ఆ సీన్ అంత బలంగా పండడానికి, రెండు పాత్రల నడకనూ చూపునూ వేరుచేసి నటించిన నీనా డోబ్రెవే కారణం.

ఎలీనా కేథరిన్ పునర్జన్మ అని చాలామంది అనుకుంటారు. అదీ తప్పే. ఎలీనా పుట్టేనాటికి కేథరిన్ బతికే ఉంది. పోలిక ముఖం వరకే, మనసులు వేరు.