నీ నవలలో వినిపించే పాటలు

తమ్ముడూ,

నీ రాతప్రతి మొత్తం చదివాను. కథ సంగతి, భాష సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు పాటల గురించే.

మూడో అధ్యాయంలో మాధవ్ గచ్చిబౌలి ఫ్లాట్‌లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ సంగీతం పెట్టుకుంటాడు. ఐదో అధ్యాయంలో మొజార్ట్. రెండుచోట్లా పేరు చెప్పి ఊరుకున్నావు. తొమ్మిదో అధ్యాయంలో వాళ్లమ్మ బియ్యం ఏరుతూ ‘మరుగేలరా ఓ రాఘవా’ పాడుకుంటుంది. అనుపల్లవి సగంలో ఉండగా కుక్కర్ కూత వేస్తుంది. లేచి స్టవ్ తగ్గించి వచ్చి, ఆపినచోట కాకుండా మళ్లీ పల్లవి నుంచి ఎత్తుకుంటుంది. ఆ ఇల్లు నాకు అక్కడ కనపడింది. ఆ కీర్తన నువ్వు చెవులారా విన్నదే. డేవిస్, మొజార్ట్‌ల విషయంలో ఆ నమ్మకం కలగలేదు.

నవలలో పాట పేరు రాగానే పాఠకుడు రచయిత అభిరుచిని అంచనా వేయడం మొదలుపెడతాడు. అతన్ని ఆపలేం, ఆపక్కర్లేదు కూడా. అయితే నిన్ను పట్టిచ్చేది నువ్వు ఎంచుకున్న పేరు కాదు, దాన్ని నీ పాత్ర విన్న తీరు.

జపనీస్ నవలాకారుడు హారుకి మురకామిని చూడు. విద్యార్థిగా ఉండగానే, 1974లో, భార్యతో కలిసి టోక్యో శివార్లలోని కొకుబుంజిలో ‘పీటర్ క్యాట్’ అనే జాజ్ బార్ తెరిచాడు. రచయిత అయ్యాక 1981లో దాన్ని అమ్మేశాడు. అన్నేళ్లు రికార్డుల మధ్య బతికిన మనిషి కాబట్టి, స్వరకర్త పేరు చెప్పి వదిలేస్తే అతనికి తృప్తి ఉండదు, వాయించింది ఎవరో కూడా చెబుతాడు. అతని ‘సుకురు తజాకి’ నవలలో స్వరకర్త లిస్ట్ పియానో రచన ఒకటి కథ పొడుగునా వస్తుంది. కాలేజీ స్నేహితుడు తెచ్చిన ఎల్పీలో వాయించింది లాజర్ బెర్మన్. ఏళ్లు గడిచాక ఫిన్లండ్‌లో పాత స్నేహితురాలి ఇంట్లో అదే రచన మళ్లీ వినిపిస్తుంది, ఈసారి ఆల్ఫ్రెడ్ బ్రెండెల్ వాయించింది. స్వరాలు అవే, వేళ్లు వేరు. మధ్యలో గడిచిన కాలం, పోయిన మనుషులు అంతా ఆ తేడాలో తెలుస్తారు. ఈ తేడా తెలియాలంటే రెండూ విని ఉండాలి.

మురకామిదే ఇంకో నవల, ‘కాఫ్కా ఆన్ ద షోర్’. అందులో హొషినో లారీ డ్రైవరు. శాస్త్రీయ సంగీతం ఊసే తెలియనివాడు. తకమత్సులో ఒక కాఫీ షాపులోకి వెళ్తే అక్కడ బేతోవెన్ ‘ఆర్చ్‌డ్యూక్’ ట్రియో మోగుతూ ఉంటుంది. రూబిన్‌స్టైన్, హైఫెట్జ్, ఫాయర్‌మన్ ముగ్గురూ కలిసి 1941లో ఇచ్చిన రికార్డు. అది మురకామి అభిరుచి అని తెలుస్తూనే ఉంటుంది. కానీ దాన్ని అతను హొషినో నోట్లో కుక్కలేదు. రికార్డు కథంతా షాపు యజమాని చెబుతాడు. హొషినో అడుగుతాడు, వింటాడు, తర్వాత చవగ్గా దొరికిన సీడీ కొనుక్కుంటాడు. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. రచయిత తనకు ప్రాణమైనదాన్ని పాత్రకి ఇచ్చాడు, కానీ ఆ పాత్ర అందుకోగలిగిన చోట నిలబడి ఇచ్చాడు. మాధవ్‌కి మైల్స్ డేవిస్‌ని ఎవరు పరిచయం చేశారు? రూమ్మేటా, మేనేజరా, తను ఇష్టపడ్డ అమ్మాయా? అది రాస్తే మూడో అధ్యాయానికి ప్రాణం వస్తుంది.

పేరును బట్టి ఇష్టాన్ని తేల్చేయకూడదనడానికి ఫ్రెంచ్ నవలాకారుడు ప్రూస్ట్ ఉన్నాడు. అతని నవలలో స్వాన్ అనే పాత్ర ప్రేమకి గుర్తుగా ఒక సొనాటా (వాద్య రచన)లోని చిన్న స్వరమాల పదే పదే వస్తుంది. స్వరకర్త వాంతయ్ కల్పిత పాత్ర. ఆ స్వరమాలకి మూలం ఫ్రెంచ్ స్వరకర్త సాన్‌సాన్స్ వయొలిన్ సొనాటా అని 1918లో ఒక మిత్రుడికి రాస్తూ, సాన్‌సాన్స్ తనకి నచ్చని సంగీతకారుడని కూడా ప్రూస్టే చెప్పాడు. నచ్చనివాడి స్వరం నుంచి అంత ప్రేమని పుట్టించాడు! స్వాన్ దాన్ని తొలిసారి ఎలా విన్నాడు, మళ్లీ వినపడ్డప్పుడు ఒళ్లు ఎలా ఝల్లుమంది, ప్రేమ చచ్చాక అదే స్వరం ఎంత కోసింది — అవన్నీ పేజీలకి పేజీలు రాశాడు. ప్రూస్ట్ చెవి ఎలాంటిదో ఆ పేజీల్లో తెలుస్తుంది. సాన్‌సాన్స్ పేరు వల్ల ఏమీ తెలియదు.

ఇక పన్నెండో అధ్యాయం. అక్క పెళ్లి ఊరేగింపు, 1991, తణుకు దగ్గర పల్లె. తల మీద పెట్రోమాక్స్ లైట్లు మోసేవాళ్లు, ఉబ్బిన బుగ్గలతో క్లారినెట్ అతను, కారు ముందు చిందులేసే కుర్రాళ్లు, అన్నీ బాగా రాశావు. ఆ తర్వాత ‘బ్యాండు వాళ్లు ఏదో సినిమా పాట వాయిస్తున్నారు’ అన్నావు. ‘ఏదో’ ఏమిటి? గచ్చిబౌలిలో మోగింది ఏమిటో పేరుతో సహా చెప్పినవాడివి, తణుకులో మోగినదాన్ని దాచావు. సినిమా పాట పేరు రాస్తే స్థాయి తగ్గుతుందని బెరుకు. ఆ బెరుకు నీ అభిరుచి గురించి చాలా చెప్పేస్తోంది, అదీ నిజం కానిది. నువ్వు ఆ పాటలతోనే పెరిగావని నాకు తెలుసు.

ఆ రోజుల్లో పెళ్లిళ్లలో బ్యాండు వాళ్లని ఏ పాట మళ్లీ మళ్లీ అడిగి వాయించుకునేవాళ్లో మీ ఊళ్లో పెద్దవాళ్లని అడుగు. పై స్థాయి అందక క్లారినెట్ అతను చరణంలో ఎక్కడ దిగిపోయేవాడో, అక్కడ డ్రమ్ము అతను ఎలా సర్దుకొచ్చేవాడో అడుగు. ముందు ఆ ఒక్క పేజీ తిరగరాసి పంపు. డేవిస్, మొజార్ట్‌లని ఉంచాలో తీసేయాలో తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య