బోర్లు ఎండిన ఊరికి తిరిగి వస్తానంటున్న అమ్మాయి

ప్రశ్న: మాది కదిరి ప్రాంతం. ఆరెకరాల మెట్ట ఉండేది. మూడు బోర్లు ఎండిపోయాక నాలుగోది వేయడానికి చేసిన అప్పులో కొంత తీర్చడానికి రెండెకరాలు అమ్ముకున్నాం. మా అమ్మాయి బి.టెక్. సివిల్ చివరి సంవత్సరంలో ఉంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు ఆ ఉద్యోగం వద్దని, నలుగురు స్నేహితులతో కలిసి పదెకరాలు కొని, తమ తిండి తామే పండించుకుంటూ, రాబోయే నీటి కరువును తట్టుకునే చిన్న పల్లెలాంటిది కట్టుకుంటామని అంటోంది. నేల మీద బతకలేకనే కదా పిల్లను చదివించాం! ఇదీ ఒక కెరీరేనా? — ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి భయం పుస్తకాలు చదివి తెచ్చుకున్నది కాదు, ఎండిన మూడు బోర్లను కళ్ళారా చూసి తెచ్చుకున్నది. కాబట్టి దాన్ని పిల్లల సరదాగా కొట్టిపారేయకండి. అయితే ఆమె ఆలోచనలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. స్నేహితులతో కలిసి భూమి కొని అందులో ఉండడం ఒకటి, కరువులో ఉన్న ఊరు చెదిరిపోకుండా నిలబడడానికి పనికివచ్చే విద్య నేర్చుకుని దానితో బతకడం ఇంకొకటి. మొదటిది కేవలం కొనుగోలు, రెండోది వృత్తి. మొదటిదాన్ని వాయిదా వేయించి, రెండోదానికి దారి చూపండి.

ఎందుకు వాయిదా వేయాలో ఒక లెక్కతో చెబుతాను. మీ ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే ఎకరం మీద దాదాపు 22 లక్షల లీటర్లు. అడుగున గ్రానైటు రాయి ఉన్న నేలల్లో అందులో పదో వంతుకు మించి భూగర్భంలోకి చేరదనుకుంటే, ఎకరానికి మిగిలేది 2.2 లక్షల లీటర్లు. ఒక పంట వరికి 1200 మిల్లీమీటర్ల నీరు, అంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు పెడతాం. మడిలోంచి తిరిగి ఇంకేది పక్కన పెడితే, ఒక్క ఎకరం వరి ఇరవై పైచిలుకు ఎకరాల ఊటను తాగేస్తుందన్నమాట. వేరుశనగకైనా, కొర్రకైనా ఇదే పద్ధతిలో లెక్క కట్టవచ్చు. మీ అమ్మాయి బృందం పదెకరాలకు కంచె వేసుకుని ఎంత పొదుపుగా బతికినా, పక్క చేనులో వెయ్యి అడుగుల బోరు వేస్తే వాళ్ళ నీరు అటు పోతుంది. రాతి పగుళ్ళకు సర్వే నంబర్లు తెలియవు. కాబట్టి కరువును తట్టుకోవలసింది ఐదుగురు స్నేహితులు కాదు, ఒకే వాగు పరిధిలో ఉన్న ఊళ్ళన్నీ కలిసి.

అలా కలిసి నిలబడిన అనుభవం మన దగ్గరే ఉంది. 2000 తర్వాతి దశకంలో ‘ఆంధ్రప్రదేశ్ రైతుల నిర్వహణలో భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు’ పేరుతో ఏడు కరువు జిల్లాల్లో, 600కు పైగా గ్రామాల్లో రైతులే తమ ఊరి నీటిని కొలుచుకున్నారు. వానమాపకంలో పడిన నీటిని రాసుకునేవారు, కొన్ని బోర్లను ఎంచుకుని నీటిమట్టం ఎంత లోతులో ఉందో చూసేవారు, బోరు ఎంత పోస్తోందో డ్రమ్ము పెట్టి లెక్కించేవారు. రెండు వందల లీటర్ల డ్రమ్ము వంద సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు, గంటకు 7,200 లీటర్లు; ఇందులో ఇంజినీరుకు మాత్రమే అర్థమయ్యేది ఏమీ లేదు. ఖరీఫ్ ముగిశాక అందరూ కూర్చుని, ఊరి కింద ఎంత నీరు మిగిలిందో, రబీలో ఎవరెవరు ఏ పంట వేయాలనుకుంటున్నారో పక్కపక్కన రాసి కూడేవారు. నీటి కంటే పంటల కోరిక ఎక్కువని గోడ మీది పట్టికలో తేలినప్పుడు, ఎవరూ ఆదేశించకుండానే చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మారారు. కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి చేస్తూ 2002లో నీరు, భూమి, చెట్ల సంరక్షణకు వాల్టా చట్టం వచ్చినా, రిగ్గు లారీలు రాత్రిపూట తిరగడం మానలేదని మీకు నేను చెప్పనక్కరలేదు. చట్టం ఆపలేని చోట కూడా ఆ పట్టిక కొంతమేరకు ఆపగలిగింది.

మీకు దగ్గరలోనే మరో ఉదాహరణ ఉంది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు భూమితో మొదలైన టింబక్టు కలెక్టివ్‌ను చూసే చాలామంది యువతీయువకులు మీ అమ్మాయిలాంటి కలలు కంటారు. వాళ్ళు గమనించని సంగతి ఏమిటంటే, ఆ సంస్థ ఆ 32 ఎకరాల్లోనే ఉండిపోలేదు. చుట్టుపక్కల ఊళ్ళ మహిళల పొదుపు సంఘాలు, కొండల మీద పచ్చదనాన్ని తిరిగి పెంచే పని, సేంద్రియ పంటను అమ్మిపెట్టే రైతుల సహకార సంస్థ, ఇలా బయటికి పెరుగుతూ పోయింది కాబట్టే మూడు దశాబ్దాలు దాటి నిలబడింది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలను కాపాడుకుంటున్న తీరూ అలాంటిదే. వేసవిలో మీ అమ్మాయిని పంపితే, ఇలాంటి చోట కొన్ని వారాలు ఉండి, పొద్దున ఐదింటికి మొదలయ్యే పనినీ, రాత్రి తొమ్మిదింటికి కూడా తేలని సంఘం గొడవలనూ చూసి వస్తుంది. ఆ గొడవలను ఓపికగా వినగలిగితేనే ఈ దారిలో ముందుకు వెళ్ళమని చెబుతాను.

ఇక ఉద్యోగాల సంగతి. సివిల్ చదివిన అమ్మాయికి నీటి రంగంలో తలుపులు తెరిచే ఉన్నాయి. పీజీ ప్రవేశ పరీక్ష అయిన గేట్ రాసి జలవనరుల ఇంజినీరింగ్‌లో ఎం.టెక్. చేయవచ్చు. జలవనరులు, గ్రామీణ నీటి సరఫరా వంటి శాఖల్లో ఇంజినీరు పోస్టులకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలు రాయవచ్చు. కేంద్ర భూగర్భజల మండలిలో శాస్త్రవేత్త పోస్టులకు యూపీఎస్సీ జియో సైంటిస్టు పరీక్ష ఉంది కానీ, దానికి భూగర్భశాస్త్రం వైపు పీజీ కావాలి, సివిల్ బి.టెక్. చాలదు. ఈ తేడా తెలియక ఏడాది పోగొట్టుకునే పిల్లలున్నారు. సంఘాలు నడపడం, పంట అమ్మడం వైపు ఆసక్తి ఉంటే, రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థలోనూ, గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో మొదలైన గ్రామీణ నిర్వహణ సంస్థ ఇర్మాలోనూ గ్రామీణ నిర్వహణ కోర్సులు ఉన్నాయి. ముందు ఊళ్ళో పని చేసి చూద్దామనుకుంటే, స్టేట్ బ్యాంకు ఫౌండేషన్ నడిపే యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ 13 నెలలు ఉంటుంది, భృతి ఇస్తారు.

స్వచ్ఛంద సంస్థల్లో జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చదగ్గవి కావు. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, అక్కడి పోస్టులు చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే ఉంటాయి, నిధులు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. అందుకే ఎక్కడికి వెళ్ళినా చెల్లే నైపుణ్యం ఒకటి, నీటి మదింపో, కంప్యూటరు మీద నేల, నీటి వివరాలతో గీసే జీఐఎస్ మ్యాపులో, సహకార సంఘం పద్దులో, చేతిలో ఉండాలని పట్టుబడతాను. మూడింటిలో నేనైతే పద్దులే ఎంచుకుంటాను. చెక్‌డ్యాం కట్టగలవాళ్ళు ఊరికొకరు దొరుకుతారు, సంఘం లెక్కలను అందరికీ అర్థమయ్యేలా చదివి వినిపించేవాళ్ళు దొరకరు.

భూమి ఎప్పటికైనా కొంటామంటే కొన్ని జాగ్రత్తలు. మీ వైపు చౌకగా వస్తోందంటే అది డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి, కావచ్చు. అసైన్డు భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది, 2023 సవరణ తర్వాత కూడా షరతులు ఉన్నాయి. అడంగల్, 1బి (సాగు, హక్కుల రికార్డులు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) చూసుకుని, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఎ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో వాకబు చేయండి. ఐదుగురి పేరిట కొంటే, పెళ్ళయ్యో, పై చదువుకో ఒకరు వెళ్ళిపోయినప్పుడు వాళ్ళ వాటాను ఎవరు, ఏ ధరకు తీసుకోవాలో కొనకముందే కాగితం మీద పెట్టాలి. ఆ ఒక్క కాగితం మీద వాళ్ళు ఏకాభిప్రాయానికి రాలేకపోతే, పదెకరాల్లో కలిసి బతకడం గురించి ఇక మాట్లాడుకోనక్కరలేదు.

మీ ఉత్తరంలో ఒక విషయం దాటవేశారు. బోరు అప్పులో ఇంకా ఎంత మిగిలి ఉందో, వడ్డీ ఎంతో అమ్మాయికి చెప్పారా? చాలా ఇళ్ళల్లో తండ్రులు చెప్పరు, పిల్లలు అడగరు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన బాకీ గణనీయంగా ఉంటే, ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రెండేళ్ళు చేసి అది తీర్చి రావడమే మంచిదని అమ్మాయికి నేనూ చెబుతాను. ఆ రెండేళ్ళలో సాయంత్రాలు జీఐఎస్ నేర్చుకోవచ్చు. బాకీ కొద్దిగానే ఉంటే, చేరే తేదీని కొన్ని నెలలు వెనక్కి జరపగలరేమో కంపెనీని అడిగి, ఆ వ్యవధిలో ఊళ్ళో పని చేసి చూడమనండి. ఈలోగా ఆమె సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఆ నాలుగో బోరు కింద రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఆమె చేతే రాయించండి. పక్క పేజీలో మీ అప్పు వివరాలు మీరు రాయండి. కంపెనీకి జవాబు ఇవ్వవలసిన గడువు లోపల ఆ రెండు పేజీలూ నాకు పంపితే, ఏది ముందో అప్పుడు నిర్ణయించుకుందాం.