స్నేహితుడితో కలిసి బైక్‌ల మీద మెక్సికో వెళ్లొచ్చా? ఏ దారి మంచిది, భయపడాల్సినవి ఏమిటి?

మీరిద్దరూ అమెరికాలో ఉద్యోగం చేస్తున్నారనీ, చెరో బైక్ వేసుకుని మెక్సికోలో దూర ప్రయాణం చేయాలనుందనీ రాశారు. నేను ఫీనిక్స్ దగ్గర ఉంటాను. నాతో ఇంజనీరింగ్ చదివిన ఖమ్మం కుర్రాడొకడు సాన్ డియేగోలో ఉంటాడు. కొన్నేళ్ల కిందట ఒక ఫిబ్రవరిలో ఇద్దరం కలిసి వెళ్లాం. తెకాతె దగ్గర సరిహద్దు దాటి, బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం పొడుగునా దిగి, లా పాస్‌లో ఓడెక్కి మసత్లాన్‌లో దిగాం. అక్కణ్నుంచి దురాంగో కొండలెక్కి, చివావా మీదుగా అరిజోనాకు తిరిగొచ్చాం.

వెళ్లొచ్చు, నిక్షేపంగా వెళ్లొచ్చు. కానీ దారి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ రెండు బళ్ల సంగతి, మీ ఇద్దరి స్పీడు సంగతి తేల్చుకోండి. ఆ ప్రయాణంలో మేమిద్దరం కొట్టుకున్నంత పని చేసింది పెట్రోల్ దగ్గర, ఎక్కడ ఆగాలన్న దగ్గర. దొంగలు, పోలీసుల గురించి బయల్దేరే ముందు ఎంత టెన్షన్ పడ్డామో, తీరా వెళ్లాక వాళ్ల ఊసే రాలేదు.

నాది పాత కావాసాకి కేఎల్‌ఆర్ 650. ట్యాంకులో 23 లీటర్లు పడతాయి. మావాడిది రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, పట్టేది 13.7 లీటర్లే. పసిఫిక్ నుంచి ఎదురుగాలి కొడుతుంటే, వెనక సామాను కట్టి ఉంటే, వాడి బండి మూడొందల కిలోమీటర్లు లాగడం కష్టం. బాహాలో తీహువానా నుంచి కాబో సాన్ లూకాస్ దాకా 1,700 కిలోమీటర్లకు పైగా ఒకే రోడ్డు, 1వ నంబరు జాతీయ రహదారి. 1973లో పూర్తయింది. ఎల్ రొసారియో అనే ఊరు దాటాక అందులో మూడొందల కిలోమీటర్ల పైచిలుకు బంకు లేదు. లెక్క మీకే అర్థమైపోతుంది. ఇద్దరు కలిసి వెళ్తే రోజుకెంత దూరం, టిఫిన్ ఎక్కడ, పడక ఎక్కడ అన్నీ చిన్న ట్యాంకు చేతిలోకి వెళ్లిపోతాయి. పెద్ద ట్యాంకు వాడు 'ఇంకాస్త పోదాంరా' అనడం, చిన్న ట్యాంకు వాడు మొహం మాడ్చుకోవడం. ఇది ఇంట్లో ఉండగానే మాట్లాడేసుకోండి.

ఆ మూడొందల కిలోమీటర్ల మధ్యలో కతవీన్యా అని ఓ చిన్న ఊరుంది. అక్కడ రోడ్డు పక్కన పికప్ బండిలో డ్రమ్ములు పెట్టుకుని పెట్రోల్ అమ్ముతారు. మాకు పోసినాయన ప్లాస్టిక్ సీసా కింది భాగం కోసి గరాటు చేసుకున్నాడు. దాని మూతికి పాత బనియన్ గుడ్డ అడ్డం పెట్టి, వాసన మాకు చూపించి, 'ఇందులో నీళ్లు కలపలేదు' అన్నట్టు చెయ్యి ఊపి మరీ పోశాడు. బంకు ధర కంటే బాగానే ఎక్కువ తీసుకున్నాడు. మావాడు బేరం ఆడబోతే నేనే ఆపాను. ఆ ఎడారిలో డ్రమ్ము మోసుకొచ్చినవాడితో బేరమేంటి?

కతవీన్యా చుట్టుపక్కల గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. ఇళ్లంత బండరాళ్లు ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చి వదిలేసినట్టు మైళ్ల కొద్దీ ఉంటాయి. మన హైదరాబాద్ శివార్లలో పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేసిన గుట్టలను గుర్తు చేసుకుని మావాడు చాలాసేపు తిట్టుకున్నాడు. ఆ రాళ్ల మధ్య కార్దోన్ అనే కాక్టస్. ప్రపంచంలోకెల్లా ఎత్తు పెరిగే కాక్టస్ జాతుల్లో అదొకటి. దాని పక్కన సిరియో అనే వింత చెట్టు. మొదట్లో లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, ఒంటి నిండా చిన్న చిన్న పుల్లలతో ముల్లంగి దుంపను తలకిందులు చేసి పాతినట్టు ఉంటుంది. ఈ ద్వీపకల్పంలో, సముద్రం అవతల సొనోరా తీరంలో ఒక చిన్న ముక్కలో తప్ప అది ఎక్కడా సహజంగా పెరగదు. సాయంత్రం నాలుగింటికి అక్కడికి చేరేలా చూసుకోండి. పొద్దు వాలేకొద్దీ రాళ్ల రంగు మారిపోతూ ఉంటుంది. ఫోటోల కోసం మావాడు ఎన్నిసార్లు ఆపాడో చెప్పలేను. ఆ రోజు మాత్రం నేను నోరెత్తలేదు.

రోడ్డు బాగానే ఉంటుంది కానీ ఇరుకు. చాలాచోట్ల తెల్ల గీత దాటితే మార్జిన్ ఉండదు, నేరుగా కిందికే. ఎదురుగా పెద్ద లారీ వచ్చిందంటే గాలి ఛాతీ మీద కొడుతుంది. ముందున్న లారీ ఎడమ ఇండికేటర్ వేస్తే చాలాసార్లు 'ఖాళీగా ఉంది, దాటెయ్' అని అర్థం. మన లారీవాళ్లు కుడి ఇండికేటర్ వేసినట్టే. కానీ ఒక్కోసారి వాడు నిజంగానే ఎడమకు తిరుగుతుంటాడు. అందుకే ఎడమవైపు చీలిపోయే దారి లేదని చూసుకున్నాకే దాటండి. ప్రతి ఊరి మొదట్లో, చివర్లో తోపే అనే స్పీడ్ బ్రేకర్లుంటాయి. కొన్నిటికి రంగుండదు, బోర్డుండదు. వాగులు రోడ్డు మీదుగా పారేచోట వంతెన బదులు లోతుగా దించేస్తారు. ఎండాకాలం ఇసుక, వానొస్తే నీళ్లు. చీకటి పడ్డాక ఆవులు రోడ్డెక్కుతాయి. రాత్రి పూట నడపకండి. దీనికి మినహాయింపు లేదు.

సైనికుల చెక్‌పోస్టులు చాలా వస్తాయి. తుపాకులు చూసి కంగారు పడక్కర్లేదు. ఎక్కువమంది పాతికేళ్లు కూడా నిండని పిల్లలు. ఎక్కణ్నుంచి, ఎక్కడికి అని అడుగుతారు. బ్యాగు ఒకటి విప్పించి చేత్తో తడిమి పంపేస్తారు. హెల్మెట్ తీసి, కళ్లద్దాలు తీసి మాట్లాడితే పని తొందరగా అవుతుంది. ఎన్‌ఫీల్డ్ చూసి ఒకడు ఎన్ని సీసీ, ఎంతయింది అని ఆరా తీశాడు. ఇంటి దగ్గర ట్రాఫిక్ సిగ్నల్లో అడిగినట్టే ఉంది.

28వ అక్షాంశ రేఖ దగ్గర గెర్రెరో నెగ్రో వస్తుంది. అక్కడ రాష్ట్రం మారుతుంది, చలికాలంలో అయితే గడియారం గంట ముందుకు జరుగుతుంది. ఊరు చప్పగా ఉంటుంది, పెద్ద ఉప్పు మళ్లు తప్ప చూడ్డానికేం లేదు. కానీ జనవరి నుంచి మార్చి దాకా పక్కనున్న ఉప్పుకయ్యలోకి బూడిదరంగు తిమింగలాలు పిల్లల్ని కనడానికి ఆర్కిటిక్ వైపు నుంచి వస్తాయి. చిన్న మోటారు పడవలో తీసుకెళ్తారు. ఒక తల్లి, పిల్లను వెంటేసుకుని మా పడవ కిందుగా దూరి అవతల తేలింది. దాని వీపు మీద సముద్రపు గుల్లలు అంటుకుని గరుకుగా ఉండటం కూడా కనిపించింది. డబ్బుకు వెనకాడకండి, ఆ పడవ ఎక్కండి.

సాంతా రొసాలియా రాగి గనుల ఊరు. 1880లలో ఫ్రెంచ్ కంపెనీ వచ్చి కట్టింది కాబట్టి ఇళ్లన్నీ చెక్కతో, వరండాలతో ఉంటాయి. ఇనుప రేకుల చర్చి ఒకటుంది. ఈఫిల్ టవర్ కట్టిన ఈఫిల్‌దే అని స్థానికులు గట్టిగా చెబుతారు, చరిత్రకారులు తల అడ్డంగా ఊపుతారు. మాకు ఆ ఊరు గుర్తుండిపోయింది పంక్చర్ వల్ల. ఇంటర్‌సెప్టర్‌కు పుల్లల చక్రాలు, ట్యూబు టైర్లు. ఊరి చివర రోడ్డు పక్కన టైరొకటి నిలబెట్టి సున్నంతో రాసిన కొట్టు కనిపించింది. పెద్దాయన చక్రం ఊడదీశాడు, ట్యూబు గాలి కొట్టి నీళ్ల బకెట్లో ముంచి తిప్పుతూ బుడగలు ఎక్కడొస్తున్నాయో చూశాడు, చెవిలో పెట్టుకున్న పెన్ను తీసి గుండ్రంగా గీశాడు. ఆకురాయితో గీకి, బంక రాసి, ఊది, అతుకేసి సుత్తితో కొట్టాడు. మావాడు బకెట్ పక్కనే గొంతుక్కూచుని చూస్తూ, 'మా ఖమ్మం బస్టాండు ఎదురుగా ఉన్న కొట్టుకు వచ్చినట్టుందిరా' అన్నాడు. మీ బండికి ట్యూబు టైర్లయితే ముందుదీ వెనకదీ చెరో ట్యూబు వెంట పెట్టుకోండి. అతుకు వేసేవాళ్లు అడుగడుగునా దొరుకుతారు, మీ సైజు ట్యూబు మాత్రం దొరకదు. అసలు కదలకుండా ఆగిపోతే 078కి ఫోన్ చేస్తే ఆంహెలెస్ వెర్దెస్ అనే ప్రభుత్వ సహాయ బండ్లు వస్తాయి. పనికి డబ్బు తీసుకోరు, సామాను ఖరీదు ఇస్తే చాలు. కాకపోతే ఎడారిలో చాలాచోట్ల సిగ్నలే ఉండదు.

కాగితాల గురించి. భారతీయ పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే అమెరికా వీసా స్టాంపు ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు అయిపోయిన హెచ్1బి వాళ్లు దీన్ని ముందే చూసుకోవాలి. మీ అమెరికా ఇన్సూరెన్స్ అక్కడ చెల్లదు, మెక్సికో పాలసీ ఆన్‌లైన్లో తీసుకోండి. బాహా వరకైతే బండికి పర్మిట్ అక్కర్లేదు. మసత్లాన్ వైపు వెళ్లాలంటే బాన్‌హెర్సితో అనే బ్యాంకులో తాత్కాలిక దిగుమతి పర్మిట్ తీసుకోవాలి. లా పాస్ ఓడరేవులోనే వాళ్ల కౌంటర్ ఉంది. 2007, ఆ తర్వాతి మోడలైతే 400 డాలర్లు డిపాజిట్ కట్టించుకుంటారు. బండి లోన్‌లో ఉంటే అప్పిచ్చినవాళ్ల అనుమతి ఉత్తరం కూడా చూపించాలి. ఈ ఉత్తరం దగ్గరే చాలామంది వెనక్కి తిరుగుతారు.

ఓడ రాత్రంతా నడుస్తుంది. బైక్‌లను లారీల మధ్య తాళ్లతో కట్టేస్తారు. కట్టేటప్పుడు దగ్గరుండండి, తాడుకూ సీటుకూ మధ్య గుడ్డ పెట్టమని అడగండి.

మసత్లాన్ నుంచి దురాంగోకు రెండు దారులు. 2013లో తెరిచిన టోల్ రోడ్డు సొరంగాలు, వంతెనలతో రెండున్నర మూడు గంటల్లో దింపేస్తుంది. లోయకు సుమారు 400 మీటర్ల ఎత్తున ఉండే బలువార్తె వంతెన దాని మీదే ఉంది. పాత రోడ్డును ఎస్పినాసో దెల్ దియాబ్లో, దయ్యం వెన్నెముక అంటారు. రోడ్డు సముద్ర మట్టం నుంచి 2,700 మీటర్ల దాకా ఎక్కుతుంది. రెండు వేల మలుపులకు పైనే అంటారు. కొత్త రోడ్డు వచ్చాక లారీలు తగ్గి ఖాళీగా ఉంటుంది. కింద అరటి తోటలు, ఉక్కపోత. మధ్యాహ్నానికి పైన్ చెట్ల మధ్య చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. మలుపుల్లో మావాడు నాకంటే బాగా తోలతాడు. అందుకని ఎవరి స్పీడు వాళ్లది, దారి చీలినచోట మాత్రం ముందువాడు ఆగి వెనకవాడి హెడ్‌లైట్ కనిపించేదాకా కదలకూడదు అని ఒప్పందం పెట్టుకున్నాం. అది పెట్టుకున్నాక ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంది.

ఇప్పుడు వెళ్లేవాళ్లకు ఆ కొండ దారి నేను చెప్పను. మసత్లాన్ ఉన్న సినలోవా రాష్ట్రంలో 2024 సెప్టెంబరు నుంచి డ్రగ్ ముఠాల మధ్య గొడవలు ముదిరాయి. అమెరికా విదేశాంగ శాఖ ఆ రాష్ట్రానికి వెళ్లవద్దనే అంటోంది. మొదటిసారి అయితే బాహా చాలు. అదే రోడ్డు మీద కిందికి దిగి అదే రోడ్డు మీద తిరిగి రండి. వచ్చేటప్పుడు వేరే రోడ్డులాగే ఉంటుంది. సెప్టెంబరు తుఫాన్ల కాలం, జులై ఆగస్టుల్లో ఎండ భరించలేరు. నవంబరు నుంచి మార్చి మంచి కాలం.

తిండికి ఢోకా లేదు. మావాడు శనివారం నీచు ముట్టడు. ఉడికించిన చిక్కుడు గింజలు చూసి శాకాహారం అనుకోకండి, చాలాచోట్ల పంది కొవ్వు వేసి వేయిస్తారు. జున్నుతో చేసే కెసదీయా, కాక్టస్ ఆకు కూర అడిగితే సరిపోతుంది. ఎర్రగా పుల్లగా హమైకా అని పానీయం ఇస్తారు. అది గోంగూర జాతి మొక్క కాయల చుట్టూ ఉండే ఎర్ర రేకలతో చేసేదే. బాహాలోనే లొరెతో అనే ఊళ్లో అది తాగి మావాడు రెండో గ్లాసు తెప్పించుకుని, ఇందులో ఎండుమిర్చి, ఇంగువ తాలింపు పడాలన్నాడు.

పర్మిట్ తీసుకుని లోపలికి వెళ్తే, తిరిగి దాటేటప్పుడు బాన్‌హెర్సితో దగ్గర ఆగి దాన్ని రద్దు చేయించుకోవడం మీ బాధ్యతే. ఎవరూ ఆపి అడగరు. మేం అరిజోనా సరిహద్దు మీదున్న అగువా ప్రియెతా అనే ఊళ్లో చేయించుకున్నాం. బండి మీది ఛాసిస్ నంబరు చూసి, ఫోటో తీసుకుని రసీదు ఇస్తారు. గడువు దాటితే డిపాజిట్ పోతుంది, మళ్లీ మీ పేరు మీద ఇంకో బండి లోపలికి తీసుకెళ్లడం కష్టమవుతుంది. క్యూలో నిలబడేది ఇద్దరూ విడివిడిగానే. ఎవరి బండికి వాళ్లే సంతకం పెట్టాలి.