ఇద్దరమ్మల బిడ్డ సాధ్యమేనా?

ప్రశ్న: మేమిద్దరం ఆడవాళ్లం, ఆరేళ్లుగా కలిసి ఉంటున్నాం. నాకు 31, తనకు 29. మా ఇద్దరి పోలికలతో ఒక బిడ్డ కావాలని ఆశ. రెండు అండాలు కలిపి బిడ్డను పుట్టిస్తామని హైదరాబాద్‌లో ఒకరు అడ్వాన్సు అడుగుతున్నారు. నమ్మొచ్చా? లేదంటే తన తమ్ముడి వీర్యంతో నేను కంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, చౌటుప్పల్

జవాబు: అడ్వాన్సు కట్టకండమ్మా. రెండు అండాలతో మనిషి బిడ్డ ఇంతవరకు ఎక్కడా పుట్టలేదు.

ఒక్కో అండంలో 23 క్రోమోజోములుంటాయి, రెండూ కలిస్తే 46. లెక్క సరిపోతుంది, చిక్కు వేరే చోట ఉంది. మీకు దగ్గర్లోని పుట్టపాకలో తేలియా రుమాలుకు పడుగునీ పేకనీ నేయకముందే కట్లు కట్టి అద్దుతారు. కట్టు పడ్డ చోట రంగెక్కదు. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడూ ఇలాగే కొన్ని జన్యువులకు కట్టు పడుతుంది, కానీ రెండింటిలో వేర్వేరు చోట్ల. పిండం పెరగడానికి ఊతమిచ్చే ఐజీఎఫ్2 జన్యువు తల్లి వైపు మూసి, తండ్రి వైపు తెరిచి ఉంటుంది. పక్కనే ఉన్న హెచ్19ది దీనికి తలకిందులు. రెండూ అండాలే అయితే ఐజీఎఫ్2 రెండు వైపులా మూతే. మాయ సరిగా కట్టదు, పిండం నిలవదు.

2004లో జపాన్‌లో టొమొహిరో కోనో బృందం హెచ్19 భాగం తీసేసిన ఎలుక అండాన్ని మామూలు అండంతో జతచేసింది. 457 అండాలు కూర్చితే పెరిగి పెద్దదైంది ఒక్క ఎలుకే, పేరు కగుయా. జన్యువులు కోసి చేసే ఆ పనిని మనిషి బిడ్డ మీద ప్రయోగించడం ఘోరం.

తమ్ముడి మాట. ఆ బిడ్డకు మీ సహచరితో మేనత్త వరస, అంటే సుమారు పావు వంతు జన్యువులు కలుస్తాయి. ఆశపడడంలో తప్పులేదు. కానీ 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం ప్రకారం వీర్యం రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి, దాత ఎవరో చెప్పరు. ఇంట్లో సిరంజితో ప్రయత్నించకండి: హెచ్ఐవీ, హెపటైటిస్ బి పరీక్షలుండవు, రేపు తండ్రినంటూ అతను హక్కు అడిగితే చేతిలో కాగితం ఉండదు. మీ సహచరి అండాన్ని మీ గర్భంలో పెట్టడం కొన్ని దేశాల్లో చేస్తారు. ఇక్కడ అండదానం కూడా బ్యాంకు ద్వారానే కనుక ఆ దారి మూసుకున్నట్టే.

తెరిచున్న దారి ఐయూఐ, అంటే దాత వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపడం. 21 దాటి 50 లోపు ఉన్న స్త్రీ ఒంటరిగానైనా రిజిస్టరైన క్లినిక్‌కు వెళ్లొచ్చు. ముందు అండాల నిల్వ తెలిపే ఏఎంహెచ్ రక్తపరీక్ష, ఫెలోపియన్ ట్యూబుల ఎక్స్‌రే చేయించుకోండి. ట్యూబులు రెండూ మూసుకుని ఉంటే ఐయూఐ డబ్బు దండగ, అండాన్ని శరీరం బయట ఫలదీకరించే ఐవీఎఫ్‌కే వెళ్లాలి. నెలసరి తొమ్మిది, పదో రోజు నుంచి స్కాన్లు చేస్తారు. ఫాలికల్ (అండం పెరిగే తిత్తి) 18–20 మిల్లీమీటర్లకు వచ్చాక అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇచ్చి, సుమారు 36 గంటలకు సన్నటి గొట్టంతో వీర్యం గర్భంలోకి పంపుతారు. గడ్డకట్టించి కరిగించిన వీర్యకణాలు తాజావాటంత సేపు బతకవు, అండం ఆయుష్షూ ఒక్క రోజే. ఈ వేళ తప్పితే ఆ నెల ప్రయత్నం వృథా కావచ్చు. ఇంజెక్షన్ రోజు చౌటుప్పల్ నుంచి బయల్దేరి ట్రాఫిక్‌లో ఇరుక్కోకండి, ఆ రెండు రోజులూ సిటీలోనే ఉండండి.

బిడ్డ చట్టరీత్యా మీకే చెందుతుంది, సహచరికి హక్కు రాదు. మీకేమైనా అయితే తనే గార్డియన్ అని వీలునామా రాయించండి. దీన్ని వాయిదా వేయొద్దు.

ప్రశ్న: ఇద్దరు మగవాళ్లకైతే?
– జడ్చర్ల నుంచి

జవాబు: మగవారి కణాల్లో ఎక్స్ క్రోమోజోము ఉంటుంది కనుక అండం తయారుచేసే అవకాశం సిద్ధాంతంలో ఉంది. 2023లో కత్సుహికో హయాషి బృందం మగ ఎలుక కణాల నుంచి అండాలు తీసింది. 630 పిండాల్లో పిల్లలైనవి ఏడే. 2025లో అమెరికాలోని ఒరెగాన్‌లో మనిషి చర్మకణాల నుంచి 82 అండాలు చేశారు. ఫలదీకరణ తర్వాత ఆరు రోజులు నిలిచినవి పదింట ఒకటైనా లేవు, వాటిలోనూ క్రోమోజోముల లెక్క తప్పింది. ఆడవారి కణాలకు వై క్రోమోజోము లేదు, అందుకే వీర్యకణం చేయడం మరీ కష్టం.

మన చట్టంలో ఒంటరి మగవాడికి సరోగసీ లేదు. దత్తత ఉంది: కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారా అబ్బాయినే ఇస్తారు, అమ్మాయిని ఇవ్వరు. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే మీ వయసు 40 దాటకూడదు, కాబట్టి 38లో ఉన్నవారు ఈ నెలలోనే పేరు నమోదు చేసుకోండి. నిరీక్షణకు ఏళ్లు పడుతుంది.