షేర్లే ఇవ్వని స్టార్టప్‌లో పెట్టిన 18 లక్షలు తిరిగొస్తాయా?

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇంజనీరింగ్ నుంచి కలిసున్న ఫ్రెండ్ 2023లో స్టార్టప్ పెడుతున్నా అన్నాడు. కంపెనీ అకౌంట్ ఇంకా ఓపెన్ అవ్వలేదంటే జూన్ 2న 8 లక్షలు వాడి సొంత అకౌంట్‌కి పంపాను, ఆగస్టు 14న ఇంకో 10 లక్షలు కంపెనీ అకౌంట్‌కి వేశాను. కొంత మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. నెట్‌లో దొరికిన సేఫ్ అగ్రిమెంట్ (ఇప్పుడు డబ్బు, షేర్లు తర్వాత అనే ఒప్పందం) ప్రింట్ తీసి సంతకం పెట్టిచ్చాడు, తర్వాతి పెట్టుబడి రౌండ్‌లో 20 శాతం డిస్కౌంట్‌తో షేర్లు ఇస్తానని. ఆ రౌండ్ రానే లేదు, వీసీలు (స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టే వెంచర్ ఫండ్లు) ఏఐ తప్ప ఇంకేం చూడట్లేదంటాడు. ఇప్పుడు ఇంకో పేరుతో ఏఐ కంపెనీ పెట్టాడు. వాళ్ళ సీఏ ఏమో మీది కన్వర్టిబుల్ నోటు, అంటే తర్వాత షేర్లుగా మారే అప్పు, పదేళ్ళు ఆగాలి అంటున్నాడు. తెలిసినాయన ఒకరు పాత తేదీతో ప్రోనోటు రాయించుకోమన్నారు, ఫ్రెండ్ కూడా సరే అన్నాడు. ఇంకొకరు చీటింగ్ కేసు పెట్టమంటున్నారు. ఫోన్ మార్చినప్పుడు పాత చాట్స్ చాలావరకు పోయాయి. ఇంట్లో రోజూ గొడవలే. నాకు న్యాయం జరుగుతుందా, కొత్త కంపెనీలో నాకు వాటా వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో సగం పైగా స్నేహం గురించి, నగల గురించి, వాడు చేసిన నమ్మకద్రోహం గురించి రాశారు. అవేవీ కోర్టులో పనికిరావు. పనికొచ్చేది ఒక్కటే, కంపెనీకి వేసిన ఆ 10 లక్షలకి మీ పేరున షేర్లు అలాట్ అయ్యాయా, అంటే కేటాయించారా లేదా. అయ్యుంటే మీరు వాటాదారు, కంపెనీ మునిగితే మీ డబ్బూ మునిగినట్టే, పెద్ద పెద్ద వీసీ ఫండ్లు కూడా అలా పోయినదాన్ని నష్టంలో రాసేసుకుంటాయి తప్ప డబ్బు తిరిగివ్వమని మామూలుగా కోర్టుకెళ్ళవు. అవ్వకపోతే మీరు వాటాదారు కాదు, బాకీ రావాల్సిన మనిషి. ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి అలాట్ అవ్వలేదు, విచిత్రం ఏంటంటే మీకు బాధ కలిగిస్తున్న ఆ విషయమే మీ కేసుకి బలం.

ఎందుకో చెప్తాను. కంపెనీస్ యాక్ట్ 2013 సెక్షన్ 42 ప్రకారం ప్రైవేట్ కంపెనీ షేర్ల కోసం బయటివాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంటే దాన్ని విడిగా ఒక బ్యాంక్ అకౌంట్‌లో ఉంచాలి, 60 రోజుల్లో షేర్లు అలాట్ చెయ్యాలి, చెయ్యకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో డబ్బు వెనక్కివ్వాలి, అదీ ఇవ్వకపోతే 60వ రోజు దాటిన దగ్గర్నుంచి ఏడాదికి 12 శాతం వడ్డీతో కట్టాలి. అసలు అలాట్‌మెంట్ అయి దాని వివరాలిచ్చే పాస్-3 ఫారం కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ అయ్యేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు. మీవాడు ముట్టుకున్నాడు, ఖర్చు కూడా పెట్టేశాడు. మీ 10 లక్షల లెక్క వేస్తే 60 రోజులు 2023 అక్టోబర్ 13కి అయిపోయాయి, 15 రోజుల గడువు అక్టోబర్ 28కి అయిపోయింది.

దీనికి అవతలి లాయర్ ఏమంటాడో కూడా చెప్తా, ఇది షేర్ అప్లికేషన్ డబ్బు కాదు, సేఫ్ కింద ఇచ్చింది, రౌండ్ వస్తేనే షేర్లు అని రాసుంది కదా అంటాడు. అననివ్వండి. ఆ కాగితం 2013లో అమెరికాలో వై కాంబినేటర్ వాళ్ళు తయారుచేసింది, అక్కడి చట్టానికి సరిపోయేలా. అది అటు షేరూ కాదు ఇటు అప్పూ కాదు, మన కంపెనీస్ యాక్ట్‌లో అలాంటి దానికి చోటు లేదు. అందుకే ఇక్కడ పద్ధతిగా చేసేవాళ్ళు ఐసేఫ్ అని సీసీపీఎస్ రూపంలో, అంటే తర్వాత తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లుగా ఇస్తారు, అప్పుడు మొదటి రోజు నుంచే మీ చేతిలో షేరు ఉంటుంది. మీవాడు నెట్‌లోంచి దించి పేర్లు మార్చి ఇచ్చాడు, మీరు చదవకుండా తీసుకున్నారు. నెలకి జీతం ఎంత పడిందో పైసలతో సహా చూసుకునే మనిషి 18 లక్షల కాగితం చదవలేదంటే నాకు జాలి రాదండి. సరే, షేర్ డబ్బు కాదనే వాదన నెగ్గిందే అనుకుందాం, అప్పుడది ఏమవుతుంది, డిపాజిట్ అవుతుంది, ప్రైవేట్ కంపెనీ మెంబర్ కాని బయటి మనిషి దగ్గర అలా డిపాజిట్ తీసుకోకూడదు, తీసుకుంటే కంపెనీకి భారీ జరిమానాతో పాటు డైరెక్టర్లకి జైలు శిక్ష కూడా చట్టంలో ఉంది. ఎటు తిరిగినా డబ్బు వెనక్కివ్వాల్సిందే.

ఇక సీఏగారి పదేళ్ళ మాట. పదేళ్ళ గడువు ఉన్నది నిజమే, డిపాజిట్ రూల్స్‌లో స్టార్టప్ కన్వర్టిబుల్ నోట్లకి ముందు ఐదేళ్ళు ఉండేది 2020లో పది చేశారు. కానీ డిపాజిట్ కింద లెక్కపెట్టని ఆ మినహాయింపు ఎవరికి? డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ) గుర్తింపు ఉన్న స్టార్టప్ అయ్యుండాలి, ఒక్కో మనిషి దగ్గర 25 లక్షలు లేదా అంతకన్నా ఎక్కువ తీసుకోవాలి, అదీ ఒకే విడతలో. మీరిచ్చింది మొత్తం కలిపినా 18, అదీ రెండు ముక్కలు, అందులో ఒకటి కంపెనీకి కూడా వెళ్ళలేదు. ఆయనకి ఈ రూల్ తెలీదా అంటే తెలిసే ఉంటుంది, మిమ్మల్ని పదేళ్ళు కూర్చోబెడితే చాలు, మూడేళ్ళకే మీ కేసు చచ్చిపోతుంది.

అసలు భయపడాల్సింది అక్కడ. ఇలాంటి డబ్బు వసూలుకి లిమిటేషన్, అంటే దావా వేసుకునే గడువు, మూడేళ్ళు. మూడేళ్ళు దాటాక వేస్తే అవతలివాడు నోరు తెరిచి అడక్కపోయినా కోర్టే కొట్టేస్తుంది, చట్టం అలా ఉంది. 10 లక్షలకి మూడేళ్ళు అక్టోబర్ 28 నుంచి లెక్కపెట్టాలని నేను వాదిస్తాను, కానీ జడ్జిగారు డబ్బిచ్చిన రోజు నుంచే అంటే? అందుకని మీరు 2026 ఆగస్టు 14నే ఆఖరి తేదీ అనుకోండి. 8 లక్షలకైతే ఇంకా ముందే, 2026 జూన్ 2. రెండో డబ్బు తర్వాత ఇచ్చాను కదా రెండూ కలిపి ఒకే తేదీ అని మీరు అనుకుంటున్నట్టున్నారు, కాదు, రెండు ట్రాన్స్‌ఫర్లు రెండు గడియారాలు. ఆ 8 లక్షలు అతను తర్వాత కంపెనీలో వేశాడా లేదా అన్నది కూడా తేలాలి, వెయ్యకపోతే అది పూర్తిగా అతని సొంత బాకీ, కంపెనీ మూతపడినా అతన్ని వదలదు. కంపెనీ అకౌంట్ లేదు నాకు పంపు అని అతను పెట్టిన మెసేజ్ మీకు లక్షలు విలువ చేస్తుంది, అలాంటిదాన్ని బ్యాకప్ తీసుకోకుండా ఫోన్ మార్చేశారు! పాత ఫోన్ ఎవరికైనా ఇచ్చుంటే ఈరోజే వెనక్కి తెచ్చుకోండి, రీసెట్ చెయ్యొద్దు, రిపేర్ షాపులో ఇవ్వొద్దు. ఈమెయిల్స్ అన్నీ అలాగే ఉంచండి. వాట్సాప్ చాట్ కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, వట్టి స్క్రీన్‌షాట్ల ప్రింట్లు తెచ్చి బల్ల మీద పెడితే నడవదు.

ఇప్పుడు ఆ ప్రోనోటు సంగతి. దాని జోలికి అస్సలు పోవద్దు. ఫ్రెండ్ ఒప్పుకున్నాడు కదా, ఇద్దరికీ ఇష్టమైతే ఎవరికి నష్టం అనుకుంటున్నారేమో. రేపు కేసు వేశాక అతనే బోనెక్కి ఇది నిన్నగాక మొన్న రాసింది, అసలిది పెట్టుబడి, చూడండి బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో డబ్బు కంపెనీకి వెళ్ళింది, చూడండి సేఫ్ అగ్రిమెంట్ అంటాడు, అన్నీ నిజాలే, అప్పుడు మీ దొంగ కాగితం ఒక్కటీ కూలడమే కాదు మీ నిజమైన కేసు కూడా దాంతో పాటే కూలుతుంది. దాని మీద ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పారంటే అబద్ధపు సాక్ష్యానికి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 229 చూస్కోండి. అంత తెలివైన సలహా ఇచ్చిన పెద్దమనిషి ఆ రోజు మీ పక్కన ఉండడు.

కానీ అతను సంతకం పెట్టడానికి రెడీగా ఉన్నాడంటే అదే మీకు దొరికిన అవకాశం, దాన్ని పాడుచేసుకోకుండా సరిగ్గా వాడండి. ఈరోజు తేదీతోనే, జరిగింది జరిగినట్టు ఒక లెటర్ రాయించుకోండి. ఫలానా తేదీన కంపెనీకి 10 లక్షలు వచ్చాయి, షేర్లు అలాట్ చెయ్యలేదు, ఆ డబ్బు బాకీ ఉంది అని కంపెనీ లెటర్‌హెడ్ మీద డైరెక్టర్‌గా ఒక సంతకం, 8 లక్షలు నా సొంత అకౌంట్‌కి తీసుకున్నాను, తిరిగివ్వాలి అని విడిగా ఇంకో సంతకం. లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 18 ప్రకారం గడువు లోపల సంతకంతో బాకీ ఒప్పుకుంటే ఆ రోజు నుంచి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. గడువు దాటాక తీసుకున్న లెటర్‌కి ఈ సెక్షన్ పనికిరాదు, అందుకే తొందరంటున్నా. వాట్సాప్‌లో ఇస్తాలే బ్రో అన్నదాన్ని సంతకం కింద లెక్కపెట్టుకోవద్దు, దాని మీద వాదనలకే రెండేళ్ళు పోతాయి.

లెటర్ ఇస్తాడో ఇవ్వడో, ఈలోగా ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి ఆ కంపెనీ ఫైల్ చేసిన కాగితాలన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి, ఒకసారి తెరిచాక మూడు గంటలే టైం ఇస్తుంది కాబట్టి కూర్చుని మొత్తం దించేయండి. ముఖ్యంగా బ్యాలెన్స్ షీట్లు చూడండి, అలాట్‌మెంట్ పెండింగ్ ఉన్న షేర్ అప్లికేషన్ డబ్బు అనో, ఇతర అప్పులు అనో మీ 10 లక్షలు కనబడితే చాలా మంచిది, డైరెక్టర్లు సంతకం పెట్టిన బ్యాలెన్స్ షీట్‌లోని ఎంట్రీ కూడా బాకీ ఒప్పుకున్నట్టే కావొచ్చని సుప్రీంకోర్టు 2021లో బిషాల్ జైస్వాల్ కేసులో చెప్పింది. అలాగే పాస్-3 ఏమైనా ఫైల్ అయిందేమో, అయితే ఏ తేదీన అయిందో చూడండి. ఇప్పుడు మీరు నోటీసు ఇవ్వగానే అతను హడావిడిగా ఇదిగో నీ షేర్లు అని ఆ ఖాళీ కంపెనీ సర్టిఫికెట్ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. తీసుకోవద్దు, అప్లికేషన్ ఫారం మీద గానీ డీమ్యాట్ రిక్వెస్ట్ మీద గానీ సంతకం పెట్టొద్దు. పెడితే మీరు వాటాదారు అయిపోతారు, పైన నేను చెప్పినదంతా వృథా.

కంపెనీ స్టేటస్ కూడా చూడండి. ఫండింగ్ ఆగిపోయిన చిన్న స్టార్టప్‌లు ఈమధ్య చాలా ఎస్‌టీకే-2 (కంపెనీ మూసేయమని కోరే ఫారం) వేసి చప్పుడు లేకుండా రిజిస్టర్‌లోంచి పేరు కొట్టేయించుకుంటున్నాయి. 2021లో డబ్బు వరదలా వచ్చినప్పుడు ఫ్రెండ్స్, కజిన్స్ అందరి దగ్గరా చిన్న చిన్న చెక్కులు తీసుకుని మొదలుపెట్టారు, ఆ తర్వాత వీసీలు లాభాలు ఎప్పుడొస్తాయి అని అడగడం మొదలుపెట్టేసరికి తర్వాతి రౌండ్ రాలేదు, ఇప్పుడు నా దగ్గరికొచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే. మూసివేత నోటీసు కనబడితే బాకీ ఉందని వెంటనే అభ్యంతరం పంపండి, అప్పు లేదని డైరెక్టర్లు అక్కడ అఫిడవిట్ ఇస్తారు, అది అబద్ధమని మీ కాగితాలే చెప్తాయి.

చీటింగ్ కేసు అంటారా, డబ్బు తీసుకున్న రోజే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. అతను ప్రోడక్ట్ చేశాడు, జీతాలిచ్చాడు, ఫెయిల్ అయ్యాడు, ఇది చీటింగ్ కాదు, సివిల్ గొడవని క్రిమినల్ కేసుగా మార్చొద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అన్నిటికన్నా ముఖ్యం, స్టేషన్ చుట్టూ తిరిగిన కాలం మీ లిమిటేషన్‌లోంచి తీసెయ్యరు. ఇన్‌సాల్వెన్సీ (దివాలా) కేసు వేసి బెదిరిద్దాం అని ఎవరైనా అంటే దానికి కనీసం కోటి రూపాయల బాకీ ఉండాలి, మీకు కుదరదు.

దారి ఇది. ముందు లాయర్ నోటీసు, కంపెనీకి ఒకటి అతనికి ఒకటి, 15 రోజుల గడువుతో. ఆ తర్వాత కమర్షియల్ కోర్టు, మూడు లక్షలు దాటిన పెట్టుబడి ఒప్పందం కాబట్టి అక్కడికే వెళ్తుంది. నేరుగా దావా వేసేస్తే మాత్రం తిప్పి పంపుతారు, కమర్షియల్ కోర్ట్స్ యాక్ట్ సెక్షన్ 12ఏ కింద ముందు మీడియేషన్‌కి (మధ్యవర్తి ద్వారా రాజీకి) జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అప్లికేషన్ పెట్టాలి, ఇది తప్పనిసరి అని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో తేలిపోయింది. మీడియేషన్‌లో గడిచిన కాలం లిమిటేషన్‌లో లెక్కలోకి రాదు, పైగా మీవాడు కొత్త కంపెనీకి ఇన్వెస్టర్లని వెతుక్కుంటున్నాడు కాబట్టి, వాళ్ళు చేసే డ్యూ డిలిజెన్స్‌లో (పెట్టుబడికి ముందు పరిశీలన) పాత బాకీల గొడవ బయటపడటం అతనికే మంచిది కాదు, చాలామంది అక్కడే కూర్చుని వాయిదాల్లో ఇచ్చేస్తారు. అలా ఒప్పుకుంటే సెటిల్‌మెంట్ అక్కడే రికార్డ్ చేయించండి, బయట కాఫీ షాపులో కాదు. అగ్రిమెంట్‌కి స్టాంపు లేదని కంగారు పడకండి, డ్యూటీ పెనాల్టీ కట్టి సరిచెయ్యొచ్చు.

కొత్త కంపెనీలో వాటా రాదు. అది వేరే కంపెనీ, మీరు పాతదాంట్లోనే వాటాదారు కాదు. పాత కంపెనీ కోడ్, కస్టమర్లు, డొమైన్ లాంటివి డబ్బు కట్టకుండా కొత్తదానికి తరలించాడని రుజువులుంటే అది వేరే విషయం, వసూలు దావాలో ఆ కంపెనీని కూడా పార్టీగా చేర్చడం గురించి మీ లాయర్‌తో మాట్లాడండి, కానీ దానికోసం ఆగి జూన్ 2 దాటించుకోకండి.