కంటికి గీత పడితే

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు కంటికి తగిలే చిన్న దెబ్బల గురించే ఉన్నాయి. గోరు, కాగితం అంచు, ఆకు కొస, ఎగిరిపడిన రేణువు... కారణం ఏదైనా జరిగేది దాదాపు ఒకటే కాబట్టి అన్నిటినీ కలిపి ఒకచోట ఇస్తున్నాం.

ప్రశ్న: ఎత్తుకున్నప్పుడు మా ఎనిమిది నెలల పాప గోరు నా కుడికంట్లో గీరుకుంది. ఆ క్షణం నుంచి కన్ను తెరవలేకపోయాను. నీళ్లు ధారగా కారాయి, లైటు వైపు చూడలేకపోయాను. మూడు రోజులకు తగ్గింది. అంత చిన్న గోటికి అంత నొప్పి ఎందుకు వచ్చింది? మళ్లీ ఇలా జరిగితే మొదట ఏం చేయాలి?

జవాబు: నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. మధ్యభాగంలో దాని మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. దానికి పైన ఒక పలుచని తొడుగు ఉంటుంది. ఐదు నుంచి ఏడు వరుసల కణాలతో అల్లుకున్న ఆ తొడుగు మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. మీకు పాప గోరు చెక్కేసింది ఈ తొడుగునే. శరీరంలో నరాల కొసలు అత్యంత దట్టంగా ఉండే చోటు కార్నియా. ఆ కొసలు ఈ తొడుగు కణాల మధ్యదాకా వచ్చి ఉంటాయి. తొడుగు లేచిపోగానే అవి బయటపడతాయి, రెప్ప కొట్టిన ప్రతిసారీ పై రెప్ప లోపలి వైపు వాటిని రాసుకుంటూ పోతుంది. అందుకే కంట్లో ఇసుక పడినట్టు గరగరలాడుతుంది. వెలుతురు చూస్తే కన్ను లోపల లాగినట్టుండే నొప్పి మాత్రం వేరు. అది కంటి లోపలి కండరం బిగుసుకుపోవడం వల్ల వస్తుంది.

ఇక మొదట చేయాల్సినవి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయండి. శుభ్రమైన నీళ్లతోగానీ సెలైన్‌తోగానీ కంటిని మెల్లగా తడపండి. నలుసు ఉందనిపిస్తే పై రెప్ప వెంట్రుకలు పట్టుకుని రెప్పను ముందుకు లాగి, కింది రెప్ప మీదకు తెచ్చి వదలండి. కింది వెంట్రుకలు చీపురులా ఊడ్చి నలుసును బయటికి తెస్తాయి. రెండు మూడుసార్లకు రాకపోతే అక్కడితో ఆపేయండి. దూది, చేతిరుమాలు కొస, పట్టకారు, ఏదీ నల్లగుడ్డు మీదకు పోకూడదు. కన్ను నలపకండి. గోరు చేసిన గీత కంటే ఆ తర్వాత నలపడం వల్ల లేచిపోయే తొడుగే పెద్దదవుతుంది.

అదే రోజు కంటి డాక్టరుకు చూపించుకోవాలి. ఆయన ముందు రెండు కళ్లకూ చూపు పరీక్షిస్తారు. తర్వాత నారింజరంగు ఫ్లోరెసిన్ కాగితం కొసను తడిపి రెప్ప లోపల తాకిస్తారు. తొడుగు పోయిన చోట ఆ రంగు నిలబడుతుంది. నీలి వెలుతురులో చూస్తే అంతవరకే పచ్చగా మెరుస్తుంది, గీత పొడవు, వెడల్పు కొలవగలిగినంత స్పష్టంగా. నిలువుగా, ఒకదాని పక్కన ఒకటిగా సన్నటి గీతలు కనిపిస్తే పై రెప్ప అడుగున నలుసు ఇరుక్కుని ఉందనే అర్థం. అప్పుడు రెప్పను తిరగేసి తీస్తారు. ఈ తిరగేసే పని జరగకుండా మందులు మాత్రమే వాడుతూ పోతే రోజులు గడిచినా మంట తగ్గదు. నలుసు లోపలే ఉండి ప్రతి రెప్పపాటుకూ కొత్త గీత గీస్తూ ఉంటుంది.

మామూలు గీత మానడం ఆశ్చర్యపడేంత వేగంగా జరుగుతుంది. గాయం అంచుల్లోని కణాలు కొన్ని గంటల్లోనే చదునుగా పరుచుకుని ఖాళీ చోటు మీదకు జారడం మొదలుపెడతాయి. చిన్న గీత ఒకటి రెండు రోజుల్లో, ఓ మోస్తరుది మూడు రోజుల్లో కప్పుకుపోతుంది. దెబ్బ తొడుగు వరకే పరిమితమైతే మచ్చ మిగలదు, చూపుకు లోటు రాదు. ఈలోపు ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ చుక్కలో ఆయింట్‌మెంటో ఇస్తారు, సాధారణంగా రోజుకు నాలుగుసార్లు, మూడు నుంచి ఐదు రోజులు. నొప్పికి పారాసెటమాల్ చాలు. పెద్దవాళ్లకు ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, 24 గంటల్లో 4 గ్రాములు దాటకుండా. కాలేయ జబ్బులున్నవాళ్లు, బరువు తక్కువున్నవాళ్లు మోతాదు డాక్టరును అడిగే వేసుకోవాలి.

రోజు గడిచేకొద్దీ నొప్పి తగ్గుతూ రావాలి. 24 గంటలైనా తగ్గకపోయినా, తగ్గి మళ్లీ పెరిగినా, పుసి చిక్కగా వస్తున్నా, చూపు మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లని చుక్క కనిపించినా అదే రోజు మళ్లీ వెళ్లండి.

ప్రశ్న: కన్ను మూసి ఉంచితే హాయిగా ఉంది. కట్టు కట్టమని అడిగితే డాక్టరు అవసరం లేదన్నారు. ఎందుకని?

జవాబు: ఒకప్పుడు అందరికీ కట్టేవారు. కట్టు కట్టినా కట్టకపోయినా చిన్న గీతలు ఇంచుమించు ఒకే వేగంతో మానుతాయని తర్వాత పరిశోధనల్లో తేలింది. కట్టు కింద వెచ్చదనం, తేమ చేరి సూక్ష్మక్రిములకు అనువుగా మారుతుంది. లెన్స్ వాడేవాళ్లకు, ఆకూ పుల్లా తగిలినవాళ్లకు కట్టు అసలు కట్టకూడదు. ఒక కన్ను మూసుకుంటే దూరాల అంచనా తప్పుతుంది, మెట్లు దిగడం, బండి నడపడం ప్రమాదం. చలవ కళ్లద్దాలు పెట్టుకుని గదిలో వెలుతురు తగ్గించుకుంటే ఆ హాయి చాలావరకు వస్తుంది.

ప్రశ్న: పరీక్ష చేసేటప్పుడు ఒక చుక్క వేశారు. అర నిమిషంలో నొప్పంతా మాయమైంది. ఇంటికి వచ్చాక మళ్లీ నరకం. ఆ చుక్కలే రాసివ్వమంటే ఇవ్వలేదు. ఎందుకివ్వరండీ?

జవాబు: మీ బాధ అర్థమైంది. కానీ ఆయన చేసింది సరైన పని. అవి మత్తు చుక్కలు, ప్రొపారకైన్, టెట్రాకైన్ లాంటివి. ఒక్కసారి వేస్తే పావుగంట, ఇరవై నిమిషాలు పనిచేస్తాయి. అంటే ఇంట్లో గంటకు నాలుగుసార్లు వేసుకోవాలనిపిస్తుంది. అలా పదేపదే వేస్తే గాయం అంచున జారాల్సిన కణాలు కదలలేవు, చుట్టుపక్కల తొడుగు కూడా వదులవుతుంది. నొప్పి తెలియదు కాబట్టి రెప్ప సరిగా కొట్టరు, కొత్తగా నలుసు పడినా గుర్తించరు. ఇలా రోజుల తరబడి వాడినవాళ్లకు కార్నియా కరిగిపోయి చిల్లు పడిన సందర్భాలు వైద్యులకు తెలుసు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే కండరం బిగువు సడలించే చుక్కలు, సైక్లోపెంటోలేట్ లేదా హోమాట్రోపిన్, అడిగి చూడండి. వాటితో కంటిపాప పెద్దదై, దగ్గరి అక్షరాలు ఒకటి నుంచి మూడు రోజులు మసకగా కనిపిస్తాయి. ముందే తెలిస్తే కంగారుపడరు.

స్టెరాయిడ్ చుక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంట్లో పాత సీసా ఉందని, ఎరుపు త్వరగా పోతుందని వేయకండి. ఎరుపు నిజంగానే పోతుంది. ఆ చాటున ఫంగస్ గానీ హెర్పిస్ వైరస్ గానీ ఉంటే అది మాత్రం లోపలికి పాకుతుంది.

ప్రశ్న: నాలుగు నెలల క్రితం పుస్తకం పేజీ అంచు కంటికి కోసుకుంది. రెండు రోజుల్లో పూర్తిగా తగ్గింది. ఇప్పుడు వారానికోసారి తెల్లవారుజామున కన్ను తెరవబోతే చర్రున చీరుకుపోయినట్టు నొప్పి. గంటా రెండు గంటల్లో దానంతటదే తగ్గిపోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఏమీ కనిపించదు. ఇది నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. మీరు రాసిన తీరు చూస్తే మళ్లీ మళ్లీ తొడుగు లేచే జబ్బు లక్షణాలు అచ్చంగా కనిపిస్తున్నాయి. కాగితం అంచు, గోరు, చెట్టుకొమ్మ, ఈ మూడింటి తర్వాత ఇది ఎక్కువ. నొప్పి పోవడం వేరు, పొర అతుక్కోవడం వేరు. తొడుగు రెండు రోజుల్లో గాయాన్ని కప్పేస్తుంది. అప్పటికి నరాల కొసలు మూసుకుపోతాయి కాబట్టి నొప్పి ఆగిపోతుంది, మందులు మానేస్తాం. కానీ కింది పొరకు తొడుగును పట్టి ఉంచే సన్నటి కొక్కేలు మళ్లీ గట్టిగా ఏర్పడడానికి వారాలు, కొందరిలో నెలలు పడుతుంది. నిద్రలో కన్నీరు తక్కువగా ఊరుతుంది, రెప్ప వచ్చి ఆ వదులు తొడుగుకు అంటుకుంటుంది. పొద్దున చటుక్కున కన్ను తెరిస్తే రెప్పతోపాటు తొడుగూ లేచి వస్తుంది. చిన్న ముక్కే కాబట్టి గంటల్లో మళ్లీ కప్పుకుంటుంది. మీరు డాక్టరును చేరేలోపు ఆనవాలు పోతుంది. నొప్పి ఉన్న పొద్దుటిపూటే వెళ్లడానికి ప్రయత్నించండి. కుదరకపోతే ఏ కన్ను, ఏ వేళ, ఎంతసేపు అని ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఈ వివరాలు వింటేనే చాలామంది వైద్యులు గుర్తుపడతారు.

వైద్యం ఓపికతో కూడినది. రాత్రి పడుకునే ముందు కింది రెప్ప లోపల జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంట్, మామూలుదో 5 శాతం ఉప్పు ఉన్నదో, పెట్టుకోవాలి. ఉప్పు తొడుగులో చేరిన నీటిని లాగి దాన్ని కిందికి అదుముతుంది, కాసేపు మండడం సహజం. పగలు ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే రసాయనం) లేని కృత్రిమ కన్నీటి చుక్కలు నాలుగైదుసార్లు. ఇలా కనీసం మూడు నెలలు, నొప్పి రావడం ఆగిపోయిన తర్వాత కూడా. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: రెండు వారాలు బాగుందని ట్యూబు పక్కన పెడతారు, మూడో వారం మళ్లీ మొదటికి వస్తుంది.

పొద్దున లేచే పద్ధతి మార్చుకోవడం మందంత ముఖ్యం. మెలకువ రాగానే కన్ను తెరవకండి. మూసిన రెప్పల కింద కనుగుడ్లను అటూ ఇటూ నెమ్మదిగా తిప్పండి. తర్వాత కన్ను మూసే ఉంచి, లోపలి మూలలో ఒక కన్నీటి చుక్క వేసుకుని, అది లోపలికి ఇంకాక రెప్పను వేలితో మెల్లగా విడదీయండి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూసుకోండి. ఇన్ని చేసినా మానకపోతే కొన్ని వారాలు కట్టులా పనిచేసే మెత్తటి లెన్స్ పెడతారు. లేదా వదులు తొడుగును తీసేసి కింది పొరను లేజర్‌తో నునుపు చేస్తారు. ఎక్కువమందికి అంతదూరం అవసరం రాదు.

ప్రశ్న: చుక్కలు వేసుకుంటే సగం చెంప మీదికే పోతోంది. సరైన పద్ధతి చెప్పండి.

జవాబు: తల వెనక్కి వాల్చి, కింది రెప్పను చూపుడు వేలితో కిందికి లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. పైకి చూస్తూ అందులో ఒక్క చుక్క వేయండి. ఆ సంచిలో ఒక చుక్క కూడా పూర్తిగా పట్టదు, రెండోది వేస్తే వృథా. సీసా మూతి కంటికీ, వెంట్రుకలకూ తగలకూడదు. కన్ను మూసి, ముక్కు వైపు మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు గొంతులోకి జారదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాల ఎడం ఇవ్వాలి. చుక్కల తర్వాతే ఆయింట్‌మెంట్, ఒక సెంటీమీటరు కంటే తక్కువ తీగలా. ముందు ఆయింట్‌మెంట్ పెడితే ఆ జిడ్డు మీద చుక్క నిలవదు. సీసా మీద తెరిచిన తేదీ రాసుకోండి. చాలావరకు చుక్కల మందులు తెరిచిన నాలుగు వారాలకు పారేయాలి.

ప్రశ్న: కాంటాక్ట్ లెన్స్ తీస్తుంటే కన్ను గీసుకుంది. ఎన్నాళ్లకు మళ్లీ పెట్టుకోవచ్చు?

జవాబు: గీత మానిందని డాక్టరు రంగు వేసి చూసి చెప్పాక, మందులు ఆపి, ఇంకో వారం ఆగి. పాత లెన్స్, డబ్బా, తెరిచిన ద్రావణం మూడూ పారేయండి. లెన్స్ వాడేవాళ్ల కంట్లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను పుండు చేయగలదు. అందుకే వీళ్లకు దాన్ని చంపగల ఫ్లోరోక్వినొలోన్ రకం చుక్కలు ఇస్తారు. లెన్స్ సంగతి డాక్టరుకు చెప్పడం మర్చిపోకండి.

ప్రశ్న: తోటలో పని చేస్తుండగా ఎండుటాకు కంట్లో గుచ్చుకుంది. నొప్పి పెద్దగా లేదు. డాక్టరు మాత్రం రెండుసార్లు మళ్లీ రమ్మన్నారు. అంత అవసరమా?

జవాబు: అవసరమే. ఆకులు, పుల్లలు, పొట్టు మోసుకొచ్చే ఫంగస్ తొందరపడదు. గీత మానినట్టే కనిపించి, వారమో రెండు వారాలో తర్వాత నల్లగుడ్డు మీద ఈకల్లాంటి అంచుతో బూడిదరంగు మచ్చ మొదలవుతుంది. అప్పటికి నొప్పి, ఎరుపు కొంతే ఉండవచ్చు. మామూలు యాంటీబయాటిక్ దానికి పనిచేయదు. నాటమైసిన్ 5 శాతం లాంటి ఫంగస్ చుక్కలు, అవీ వారాల తరబడి, మొదట్లో గంట గంటకూ వేయాల్సి వస్తుంది. ముందే పట్టుకుంటే మచ్చ చిన్నదిగా ఆగుతుంది. కంట్లో ఏం గుచ్చుకుందో, ఏ రోజో, ఇంతవరకు ఏ చుక్కలు వేశారో రాసి, ఆ సీసాలు కూడా పట్టుకెళ్లండి.

ప్రశ్న: సుత్తితో ఉలిని కొడుతుంటే చిన్న ముక్క ఎగిరి కంటికి తగిలింది. ఎరుపు తప్ప నొప్పి లేదు. ఆగి చూడవచ్చా?

జవాబు: ఆగకండి. ఇనుము మీద ఇనుము కొట్టినప్పుడు ఎగిరే ముక్క బుల్లెట్ వేగంతో కంటి లోపలికి దూసుకుపోగలదు. దారి సూదిమొన అంత, నొప్పి నామమాత్రం. కంటిపాప గుండ్రంగా కాకుండా కన్నీటి బొట్టులా ఒకవైపు సాగినట్టున్నా, చూపు తగ్గినా అనుమానం బలపడుతుంది. ఇవేవీ లేకపోయినా పరీక్ష తప్పదు. కన్ను కడగకండి, నొక్కకండి, చుక్కలేవీ వేయకండి. కాగితం కప్పు లాంటిది కంటి చుట్టూ ఎముక మీద ఆనేలా పెట్టి, టేపు అంటించి వెంటనే వెళ్లండి. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినకండి, తాగకండి. లోపల లోహం ఉందేమో చూడడానికి ఎక్స్‌రేగానీ సీటీ స్కాన్‌గానీ తీస్తారు. ఎవరైనా ఎంఆర్ఐ అంటే ఇనుపముక్క సంగతి ముందే చెప్పండి. ఆ యంత్రంలోని అయస్కాంతం ముక్కను కదిలిస్తుంది.