ట్యాంకర్ నీళ్ళు, నక్షత్రాల నీళ్ళు: అమ్మాయిని ఫిజిక్స్‌కి పంపాలా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. అమ్మాయి సీనియర్ ఇంటర్ ఎంపీసీ. కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్‌లో చేర్పిద్దామనుకున్నాం. తనేమో ముసలి నక్షత్రాల నుంచి వచ్చే నీటి ఆవిరి మీద రీసెర్చ్ చేస్తానంటోంది. తాగేనీళ్ళ ట్యాంకర్ కోసం మేం ఎదురుచూస్తుంటే ఇదేం చదువు మేడమ్? ఉద్యోగం వస్తుందా?

జవాబు: ఫ్లోరైడ్ నీళ్ళతో మీ వైపు పడే అవస్థ నాకు తెలుసు. అందుకే మీ మాట మనసుకి తగిలింది. కానీ ముందు ఆ పనేంటో చూడండి.

సూర్యుడి లాంటి నక్షత్రం ముసలిదైతే ఉబ్బిపోయి, పైపొరల వాయువుని బయటికి వదిలేస్తుంది. అందులో ఉన్న నీటి అణువులు వేడికీ కాంతికీ శక్తి పెరిగి పై మెట్టెక్కి, కిందికి దిగేటప్పుడు ఇన్‌ఫ్రారెడ్ కాంతినిస్తాయి. ఏ మెట్టు మీద ఎన్ని అణువులున్నాయన్నదే లెక్క. మిద్దె మీద ట్యాంకులో మోటారు పోసేదీ కుళాయిలో పోయేదీ సమానమైతే మట్టం కదలదు కదా, అలాంటిదే. చిక్కల్లా ఈ ట్యాంకు కుళాయి నీళ్ళు పక్క ట్యాంకులో పడటమే. ఒకచోట వెలువడ్డ కాంతిని ఇంకోచోటి అణువు పట్టేసుకుంటుంది. అందుకని అన్ని మట్టాలూ కుదిరేదాకా కంప్యూటర్ మళ్ళీ మళ్ళీ లెక్కేయాలి. అంటే మీ అమ్మాయి రోజంతా చేసేది కోడింగే.

దాంతో ఏం తేలుతుందంటారా? సింహరాశిలో సీడబ్ల్యూ లియోనిస్ అనే కార్బన్ నక్షత్రం, అంటే ఆక్సిజన్ కంటే కార్బన్ ఎక్కువున్న నక్షత్రం ఉంది. అక్కడి ఆక్సిజనంతా కార్బన్ మోనాక్సైడ్‌లో చిక్కుకుపోతుంది కాబట్టి నీరు ఉండకూడదు. 2001లో కనబడింది! తోకచుక్కలు ఆవిరై వచ్చిందేమో అన్నారు. 2010లో హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు డజన్లకొద్దీ నీటి గీతలు, అంటే నీటి అణువులు మాత్రమే ఇచ్చే కాంతి గుర్తులు పట్టింది. వాటిలో కొన్ని బాగా వేడి ఆవిరి నుంచే రాగలవు. పైన చెప్పిన కంప్యూటర్ లెక్కతో పోల్చి చూస్తే ఆ ఆవిరి నక్షత్రానికి చాలా దగ్గర్లో ఉందని తేలింది, తోకచుక్కల ఊహ నిలబడలేదు. ఎవరూ వెళ్ళలేని చోటుని లెక్కతో తడిమి చూడటం ఇది. మీ పాప మనసు పడిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

దారి చెప్తాను. మీకు దగ్గర్లోదే తిరుపతి ఐసర్, ఏర్పేడులో. సైన్స్ డిగ్రీకీ రీసెర్చ్‌కీ కేంద్రప్రభుత్వ సంస్థ అది. దాని ప్రవేశపరీక్ష ఐఏటీ రాయాలి. జాగ్రత్త, అందులో 60 ప్రశ్నల్లో 15 బయాలజీవి, ఎంపీసీ పిల్లలు అక్కడే దెబ్బతింటారు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ ఉంది. రెండూ రాకపోతే ఒంగోల్లోనే బీఎస్సీ చదివి, ఎమ్మెస్సీ సీటు కోసం జామ్ పరీక్ష రాయొచ్చు. ఆ తర్వాత పీహెచ్‌డీ. రీసెర్చ్ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం.

దాచకుండా చెప్తున్నాను, పర్మనెంట్ ఉద్యోగానికి ముప్పై దాటుతుంది, పోస్టులు తక్కువ. మధ్యలో మానుకున్నా ఆ లెక్కలూ కోడింగూ డేటా ఉద్యోగాలకి పనికొస్తాయి.

ఈ సెలవుల్లో ఆ రెండు ట్యాంకుల లెక్కే పైథాన్‌లో రాయమనండి. తప్పొచ్చినప్పుడు మూసేయకుండా వెతుకుతూ కూర్చుంటే ఐసర్ అప్లికేషన్ పెట్టించండి. ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి, రెండూ రాయడానికి అడ్డేమీ లేదు.